భూమి కేసు గెలిచినవాళ్ళకు ఏం మిగులుతోంది? తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులకు, న్యాయవాదులకు, రైతు కుటుంబాలకు బహిరంగ లేఖ

రెండు జిల్లాల రెవెన్యూ, సర్వే, రిజిస్ట్రేషన్ అధికారులకు, న్యాయసేవాధికార సంస్థ పెద్దలకు, న్యాయవాదులకు, కోర్టు మెట్లెక్కిన, ఎక్కబోతున్న రైతు కుటుంబాలకు

నమస్కారం.

మేం దస్తావేజులు రాసేవాళ్ళం, లైసెన్సు సర్వేయర్లం, రెవెన్యూ కార్యాలయాల్లోనూ కోర్టుల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్ళం. ఈ లేఖలో ఉన్న సంగతులు ఇదివరకే అర్జీగా పెట్టాం. 'సివిల్ వివాదం, కోర్టులో తేల్చుకోవలెను' అని ఒక్క వాక్యం ఎండార్స్‌మెంటు రాసి మూసేశారు. కోర్టులో తేలాక జనానికి ఏమవుతోందన్నదే ఆ అర్జీలో మేం చెప్పిన విషయం. దానికి జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

మేం చెప్పేది మూడు రకాల కేసుల గురించి: అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ భాగాల దావా, పక్క చేనువాళ్ళతో గెనిమ (చేను గట్టు) తగాదా, బాట తగాదా. ఈ మూడింట్లో డిక్రీ ఎవరి పక్షాన వచ్చినా, అది చేతికందే నాటికి రెండు పక్షాల దగ్గరా మిగిలేది ఇంచుమించు ఒకటే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఇది తప్పించుకోలేని తలరాత అని మేం ఒప్పుకోం. నష్టం ఏ మెట్టు దగ్గర పుడుతుందో వేలు పెట్టి చూపించగలం. చాలా మెట్ల దగ్గర చట్టంలో మందు ఇప్పటికే ఉంది, వాడటమే లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. కోర్టుకు పోవద్దని మేం ఎవరికీ చెప్పడం లేదు. ఆడపడుచు భాగం ఎగ్గొట్టినచోట, బలమున్నవాడు గెనిమ జరిపినచోట కోర్టే దిక్కు. పెద్దమనుషుల పంచాయితీ పేరుతో బలహీనుల నోరు మూయించడం కంటే కోర్టు వెయ్యిరెట్లు నయం. ఆ కోర్టు ఇచ్చిన తీర్పు గెలిచినవాడికి అక్కరకు రావాలన్నదే మా గోడు.

నష్టం ఎక్కడెక్కడ పుడుతోంది?

1. రెండు లింకుల గెనిమ.

మన పాత ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరువారీ కొలతల పుస్తకం) కొలతలు గొలుసు లెక్కలో ఉన్నాయి. గొలుసుకు 66 అడుగులు, 100 లింకులు. లింకుకు 7.92 అంగుళాలు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న చేను సరిగ్గా ఎకరా. ఆ చేనిలో పొడవు గెనిమ రెండు లింకులు అటో ఇటో జరిగిందనుకుందాం. రెండు లింకులంటే మూరెడు కూడా లేదు. 660 అడుగుల పొడవునా లెక్క కడితే 871 చదరపు అడుగులు, అంటే రెండు సెంట్లు. ఎకరా 20 లక్షలు పలికే మెట్ట అనుకున్నా దాని ఖరీదు 40 వేలు. ప్లీడరు ఫీజు, కమిషనరు (కొలత కోసం కోర్టు పంపే న్యాయవాది) ఫీజు, సర్వేయరు ఖర్చు, సాక్షుల చార్జీలు, నకళ్ళ ఖర్చు కలిపి చూస్తే ఆ 40 వేలు మొదటి కోర్టు కూడా దాటించవు. ఆ పైన ఒక అప్పీలు, ఆ పైన హైకోర్టులో రెండో అప్పీలు ఉన్నాయి. కుప్పం నుంచి నేలపాడు హైకోర్టుకు పోవాలంటే రాత్రంతా ప్రయాణం. ఏడాదికి పది వాయిదాలు, పక్షానికి ఒక మనిషి అనుకున్నా, పదేళ్ళలో రెండిళ్ళకూ కలిపి రెండు వందల పనిదినాలు బస్సుల్లోనూ కోర్టు వరండాల్లోనూ పోతాయి.

ఈ తగాదా ఎక్కువసార్లు దొంగబుద్ధితో పుట్టదు. ఒక సర్వేయరు ఉత్తరం పక్క ట్రైజంక్షన్ రాయి (మూడు హద్దులు కలిసేచోటి రాయి) నుంచి కొలుస్తారు. రెండేళ్ళ తర్వాత వచ్చిన ఇంకొకరికి ఆ రాయి కనబడదు, రోడ్డు పక్క రాయినో పాత బావి గట్టునో ఆధారం చేసుకుంటారు. వాలు నేలలో గొలుసు నేలబారుగా లాగితే ఒక దూరం, మట్టంగా ఎత్తిపట్టి లాగితే ఇంకో దూరం వస్తుంది. రోవరు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరం) పెట్టి కొలిచినా, మొదలుపెట్టిన రాయి తప్పయితే మొత్తం తప్పే. రెండు స్కెచ్‌లూ నిజాయితీగా గీసినవే, రెండూ కలవవు. ఏ రాయి నుంచి మొదలుపెట్టారో రెండింటిలోనూ రాసి ఉండదు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే చాలా దావాలు దాఖలయ్యేవే కావు. అది లేకపోబట్టి కోర్టు అడ్వకేట్ కమిషనర్ని వేయాలి, ఆయన మూడో స్కెచ్ తేవాలి, దానిమీద ఇద్దరూ అభ్యంతరాలు వేయాలి.

2. పేర్లతో రాసిన హద్దులు, రెండు రకాల అంకణాలు.

దస్తావేజులో 'తూర్పు: ఫలానా రెడ్డి చేను, పడమర: ఫలానా వారి మామిడితోప' అని ఉంటుంది. ఆ ఫలానా ఆయన పోయి ముప్పై ఏళ్ళయి, ఆ చేను మూడు చేతులు మారి ఉంటుంది. అదే హద్దు దావా షెడ్యూలులోకి, అక్కడినుంచి డిక్రీలోకి పోతుంది. కోర్టు మనిషి స్వాధీనం ఇప్పించడానికి వచ్చిన రోజున, డిక్రీలో ఉన్న భూమి ఇదేనా అనే కొత్త తగాదా లేస్తుంది. దీనికితోడు రీసర్వే తర్వాత పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమికి కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం పడింది. పాత నంబరుతో డిక్రీ ఉంది, కొత్త నంబరుతో రికార్డు ఉంది. ఏది దేనికి సమానమో అధికారికంగా రాసిచ్చే కాగితం గెలిచినవాడి చేతిలో లేదు.

ఇళ్ళ స్థలాల్లో ఇంకో చిక్కు. తిరుపతి చుట్టుపక్కల అంకణమంటే 36 చదరపు అడుగులు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు మండలాలు వచ్చి కలిశాయి. అటువైపు అంకణం 72. 'వంద అంకణాలు' అని రాసి ఊరుకుంటే అది 3,600 చదరపు అడుగులా, 7,200నా? అడుగులు రాయని ప్రతి దస్తావేజూ రేపటి దావాయే.

3. పారికత్తు (భాగాల కాగితం).

ఇంట్లో కూర్చుని తెల్లకాగితం మీద భాగాలు రాసుకుని, సంతకాలు పెట్టుకుని, ఎవరి ముక్క వాళ్ళు దున్నుకుంటారు. ఆ కాగితంతోనే భాగాలు జరిగినట్టు రాస్తే అది రిజిస్టరు కావాలి. కాకపోతే హక్కు రుజువు చేయడానికి కోర్టు దాన్ని తీసుకోదు. స్టాంపు లోటుంటే పదింతల వరకు జరిమానా పడవచ్చు. ముందే నోటిమాటగా జరిగిపోయిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న జాబితా అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ రెండింటికీ తేడా ఒకటి రెండు వాక్యాల్లోనే ఉంటుంది. ఆ వాక్యాలు సరిగా పడకపోతే, ముప్పై ఏళ్ళ కింద ఒప్పుకున్న భాగాలు మనవళ్ళ కాలంలో మళ్ళీ మొదటికొస్తాయి.

4. కోత కాలంలో ఇంజంక్షన్ (కోర్టు నిషేధపు ఉత్తర్వు).

గెలుపు ఓటములు రెండూ ఒకే తూకానికి వచ్చేది ఇక్కడే. తోతాపురి మామిడి కోత జూన్, జూలై నెలల్లో. కోర్టులకు మే నెలలో వేసవి సెలవులు. సెలవుల ముందు ఒక పక్షం ఎక్స్‌పార్టీ (అవతలి పక్షం మాట వినకుండా ఇచ్చే) ఉత్తర్వు తెచ్చుకుంటే, ఎదుటివాడు కౌంటరు వేసి వాదన వినిపించే సరికి కాయ పండి రాలుతూ ఉంటుంది. నోటీసు లేకుండా ఇచ్చిన ఇంజంక్షన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3ఏ చెబుతోంది. ఆ గడువు పాటించినా కాయ ఆగదు. మరి అదే ఆర్డర్‌లో రూల్ 6 ఉంది. త్వరగా చెడిపోయే సరుకును కేసు తేలకముందే అమ్మించమని కోర్టును అడగవచ్చు. కోత కోయించి, ఫ్యాక్టరీకో మండీకో తోలి, సొమ్ము కోర్టులో కట్టిస్తే గెలిచినవాడికి ఆ సొమ్మయినా దక్కుతుంది. ఈ పిటిషన్ వేసేవాళ్ళు చాలా తక్కువ. ఎదుటివాడికి ఒక కాయ కూడా దక్కకూడదన్న పట్టుదల కొంత, ఈ రూలు గురించి కక్షిదారుకు ఎవరూ చెప్పకపోవడం కొంత.

ఒక కోత పోతే పోయింది, తోట ఉంటుందిగా అంటారు. తోట కూడా ఉండదు. యథాతథ స్థితి ఉత్తర్వు ఉన్న తోటలో డబ్బు పెట్టడానికి ఇద్దరూ జంకుతారు. కోత అయ్యాక కొమ్మ కత్తిరింపు ఉండదు. పూత మీద తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కొట్టరు. అన్నిటికంటే చెరుపు చేసేది బదనిక. అది మామిడి కొమ్మలోకే వేరు దింపి రసం తాగుతుంది. పిట్టలు దాని పండు తిని జిగురుగింజను పక్క కొమ్మకు రుద్దుతాయి, అక్కడ ఇంకో బదనిక మొలుస్తుంది. పట్టిన చోటుకు దిగువన కొమ్మను కోసి తీసేయాలి. పైపైన ఆకు తుంచితే మళ్ళీ చిగురేస్తుంది. ఏటా చూసే తోటలో ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని చేసే పని ఇది. పదేళ్ళు వదిలేస్తే కొమ్మలు ఎండి, చెట్టుకు చెట్టు కొట్టేయాల్సి వస్తుంది. పదేసి మీటర్ల ఎడంతో ఎకరాకు నలభై చెట్లు. మళ్ళీ నాటితే కాపు చూడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది. డిక్రీ తీసుకుని తోటలోకి అడుగుపెట్టినవాడికి దక్కేది అది. ధర పడిపోయి, 2025లో లాగా ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చే ఏడాది అయితే కొత్త తోటకు అప్పు కూడా పుట్టదు.

5. కేసు మధ్యలో చావులు.

పక్షంలో ఒకరు చనిపోతే 90 రోజుల్లో వారసులను చేర్చాలి. లేకుంటే ఆ మేరకు దావా అబేట్ అవుతుంది, అంటే చెల్లకుండా పోతుంది. ఆ అబేట్ అవడాన్ని రద్దు చేయించుకోవడానికి మరో 60 రోజులు ఉంటాయి. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, దానికి కౌంటరు, దానిమీద వాదన. వారసుల్లో ఒకరు బెంగళూరులో, ఒకరు చెన్నైలో, ఒకరు కువైట్‌లో ఉంటే నోటీసులు అందడానికే నెలలు పడుతుంది. భాగాల దావాలో అవసరమైన ఒక్క మనిషిని చేర్చకపోయినా మొత్తం దావా కొట్టేసే ప్రమాదం ఉంది. ఎక్కువగా వదిలేసేది పెళ్ళయిపోయిన ఆడపిల్లల పేర్లే. 1985 సెప్టెంబరు 5 నుంచి రాష్ట్ర సవరణ ఆ నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు, 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ కూతుళ్ళందరికీ సమాన హక్కు ఇచ్చాయి. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంక అనుమానానికి తావు లేకుండా చెప్పింది. అయినా కూతుళ్ళ పేర్లు దాచి దావా వేస్తే, గెలిచిన డిక్రీ గాలిలో దీపమే.

6. ప్రిలిమినరీ డిక్రీ దగ్గర ఆగిపోవడం.

భాగాల దావా గెలిచామని స్వీట్లు పంచుకున్న కుటుంబాలకు చాలాసార్లు తెలియని సంగతి ఇది. ప్రిలిమినరీ డిక్రీ ఎవరికి ఎన్నో వంతు అని మాత్రమే చెబుతుంది. ఏ ముక్క ఎవరిదో చెప్పదు. దానికి ఫైనల్ డిక్రీ పిటిషన్, కమిషనరు, కొలత, రిపోర్టు, అభ్యంతరాలు, ఆ తర్వాత స్టాంపు కాగితం మీద ఫైనల్ డిక్రీ, ఆపైన స్వాధీనం కోసం ఈపీ (డిక్రీ అమలుకు వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్). ప్రిలిమినరీ డిక్రీ తర్వాత కక్షిదారు మళ్ళీ పిటిషన్ వేసేదాకా ఎదురుచూడకుండా కోర్టులే తదుపరి చర్యలకు తేదీ వేయాలని సుప్రీంకోర్టు 2022లో కేరళ నుంచి వచ్చిన కేసులో చెప్పింది. ఈ ఆలస్యం మధ్యలో చట్టం మారితే భాగాలూ మారుతాయి. ఫైనల్ డిక్రీ కానంతవరకు కూతుళ్ళ వాటాను ప్రిలిమినరీ డిక్రీలో చేర్చవచ్చని 2011లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన గండూరి కోటేశ్వరమ్మ కేసులోనే తేలింది. ఆ చెల్లెళ్ళకు అది న్యాయం. దావాను అక్కడే ఆపి ఉంచడం మాత్రం ఎవరికీ న్యాయం కాదు.

ముక్కలు చేసే తీరు ఇంకో నష్టం. పైన చెప్పిన 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు ఎకరానే తీసుకోండి. ముగ్గురికి నిలువునా చీలిస్తే తలా 22 అడుగుల పట్టీ వస్తుంది. రెండడుగుల గెనిమలు రెండు కొత్తగా పడతాయి. వాటికే ఆరు సెంట్లు పోతాయి. మామిడికి 33 అడుగుల ఎడం కావాలి. 22 అడుగుల పట్టీ నడిమధ్యన ఒక్క వరస నాటినా కొమ్మ పక్కవాడి మీదికి పోతుంది, అది ఇంకో దావా. అడ్డంగా మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 220 అడుగుల పొడవుంటుంది. చివరి ముక్కకు పోవడానికి 440 అడుగుల మేర పదడుగుల బాట వదలాలి. దానికి పది సెంట్లు పోతుంది. పోయినా సరే, ముగ్గురికీ బండి పోయే దారి, ట్రాక్టరు తిరిగే చోటు ఉంటాయి. ఆ పది సెంట్లు ముగ్గురి వాటాల్లోంచీ సమానంగా తగ్గించామని కాగితంలో రాస్తే చాలు. కాగితం మీద సమానంగా కనబడుతుందని, కోర్టులో అభ్యంతరాలు తక్కువ వస్తాయని నిలువు పట్టీలు గీసే అలవాటు ఎక్కువైంది. గెలిచినవాడు ఆ పట్టీని చివరికి పక్కవాడికే, పక్కవాడు చెప్పిన ధరకే అమ్ముకుంటాడు.

7. కౌంటరు కేసులు.

గెనిమ మీద తోపులాట జరిగితే రెండు వైపులా పోలీసు కేసులు పడతాయి. పేర్లలో ఇంటర్ చదివే పిల్లలూ ఉంటారు. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్ట్ చట్టం, 1967 కింద పాస్‌పోర్టు ఆపవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఉద్యోగంలో పోలీసు వెరిఫికేషన్‌కూ ఆ కేసు అడ్డం వస్తుంది. భూమి ఎవరికి వచ్చినా ఆ పిల్లల సంవత్సరాలు ఎవరికీ తిరిగిరావు.

8. ఇరుక్కుపోయిన పరిహారం.

బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, చిత్తూరు–తచ్చూరు రహదారి మన పల్లెల మీదుగానే పోతున్నాయి. వాటాల మీద తగాదా ఉంటే జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3హెచ్ కింద ఆ వివాదం కోర్టుకు పోతుంది, సొమ్ము అక్కడే ఆగుతుంది. భూమి పోయింది, డబ్బు రాలేదు. ఆ లోపల పక్క ఊళ్ళో భూముల ధరలు పెరిగి, ఆ డబ్బుతో అరెకరా కొనగలిగినవాడు పాతిక సెంట్లు కూడా కొనలేడు. ఇందులో గెలిచిన పక్షమని వేరే లేదు.

మేం కోరుతున్నవి

1. సర్వే శాఖకు: రెండు పక్షాలూ కలిసి ఎఫ్-లైన్ (హద్దు కొలత) దరఖాస్తు పెడితే, కోర్టులో దావా ఉందన్న ఒక్క కారణంతో వెనక్కి పంపవద్దు. స్టే లేనప్పుడు ఇద్దరూ కలిసి అడిగిన కొలతకు దావా అడ్డు కాదు. స్కెచ్ మీద తప్పనిసరిగా ఉండాల్సినవి: మొదలుపెట్టిన రాయి, దాని అక్షాంశ రేఖాంశాలు, కొలిచిన పరికరం, ఎఫ్‌ఎంబీ కొలత ఒక వరసలో, నేల మీది కొలత పక్క వరసలో, లింకుల్లోనూ మీటర్లలోనూ. ఇద్దరి సంతకాలు, ఒకరు పెట్టనంటే ఎందుకు పెట్టలేదో వాళ్ళ మాటల్లోనే ఒక వాక్యం. నకలు ఇద్దరికీ అదే రోజు ఇవ్వాలి. ట్రైజంక్షన్ రాళ్ళు లేనిచోట మండలానికొక జాబితా వేసి, ముందు ఆ రాళ్ళు పాతించండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

2. రెవెన్యూ అధికారులకు: పాత సర్వే నంబరు, సబ్ డివిజన్, కొత్త ఎల్‌పీఎం నంబరు మూడూ ఒకే కాగితం మీద ధ్రువీకరించి ఇచ్చే ఏర్పాటు చేయండి. డిక్రీ ఉన్నవాళ్ళకు వారంలో అందాలి. జాయింట్ ఎల్‌పీఎంల విభజనను తగాదా వచ్చేదాకా ఆపకండి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు రేగి దస్త్రాలు కాలిన సంగతి అందరికీ తెలుసు. ఆర్‌ఎస్‌ఆర్, డైక్లాట్ లాంటి పాత భూమి రిజిస్టర్లు, పాత అడంగళ్ళు, జమీ (జమీందారీ) గ్రామాల పైమాష్ (పాత కొలత) నంబర్ల పుస్తకాలు స్కాన్ చేసి, నకలు ఇంకో ఊళ్ళో ఉంచండి. మన కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీ గ్రామాల్లో హక్కు మూలం ఆ పుస్తకాలతోనే తేలుతుంది.

3. రిజిస్ట్రేషన్ శాఖకు: అంకణాలు రాసిన చోట చదరపు అడుగులు కూడా రాయనిదే దస్తావేజు తీసుకోవద్దు. హద్దుల్లో మనిషి పేరుతోపాటు ఆ పక్క భూమి సర్వే నంబరు ఉండాలి. దస్తావేజులు రాసే మాలో చాలామందిమి ఇది ఇప్పటికే పాటిస్తున్నాం. అందరికీ నియమం కావాలి.

4. న్యాయసేవాధికార సంస్థకు: 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. దావా వేయకముందే ప్రీలిటిగేషన్‌గానూ రావచ్చు. ఇంత మంచి దారి భూమి కేసులకు ఎందుకు పనికిరావడం లేదంటే, స్కెచ్ లేకుండా రాజీ రాస్తున్నారు. కొలత లేని రాజీ ఇంకో దావాకు విత్తనం. మండల స్థాయి బెంచిలో ఒక సర్వేయరు కూర్చోవాలి. భాగాల రాజీలో ఈ సంగతులు రాయనిదే సంతకాలు తీసుకోవద్దని కోరుతున్నాం: బాట ఎన్ని అడుగులు, ఎవరి వాటాలోంచి, బావి, బోరు వంతులు, మోటరు సర్వీసు నంబరు ఎవరి పేరున, స్టార్టరు, వైండింగు ఖర్చు ఎవరిది, చెట్లు ఎవరివి, మంచి ముక్క తీసుకున్నవాడు మిగతావాళ్ళకు కట్టాల్సిన ఓవెల్టీ (తేడా) సొమ్ము ఎంత, ఏ తేదీకి. వంతుల విషయంలో ఒక అనుభవం. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటల కరెంటు అని, ముగ్గురికి రోజుకు మూడేసి గంటలు రాస్తారు. కాలువ తడిసి నీళ్ళు కయ్యకు చేరేసరికే అందులో కొంత పోతుంది. మూడు రోజులకు ఒకరోజు పూర్తి వంతు రాస్తే అదే నీళ్ళకు ఎక్కువ నేల తడుస్తుంది, గొడవా తగ్గుతుంది.

5. న్యాయవాదులకు: మీరు లేకుండా ఏ పేదవాడికీ న్యాయం దక్కదని మాకు తెలుసు. దావా వేయకముందే కక్షిదారుకు ఒక కాగితం రాసివ్వండి: తగాదాలో ఉన్న భూమి ఎన్ని సెంట్లు, దాని ఖరీదు ఎంత, మొదటి కోర్టు నుంచి స్వాధీనం దాకా ఎన్ని మెట్లు, మెట్టుమెట్టుకు ఖర్చు ఎంత. తోట మీద ఇంజంక్షన్ అడిగినప్పుడే రూల్ 6 కింద కోత, అమ్మకం, డిపాజిట్ పిటిషన్ కూడా వేయండి, లేదా రిసీవరును (కోర్టు తరఫున తోట చూసుకునే మనిషిని) అడగండి. మీ కక్షిదారు చనిపోతే ఆ సంగతి కోర్టుకు తెలపడం ఆర్డర్ 22 రూల్ 10ఏ కింద మీ బాధ్యత. ప్రిలిమినరీ డిక్రీ వచ్చిన నెలలోపే ఫైనల్ డిక్రీకి కదలండి. కూతుళ్ళ పేర్లు వదిలేయమని కక్షిదారు అడిగినా ఒప్పుకోకండి.

6. గౌరవ న్యాయస్థానాలకు: ఏ ఒక్క కేసు గురించీ మేం మాట్లాడటం లేదు. ఎగ్జిక్యూషన్ పిటిషన్లను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. దాటితే కారణం రాయాలంది. మన జిల్లాల్లో ఆరు నెలలు దాటిన ఈపీల సంఖ్య, కారణాలు నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలని వినయంగా కోరుతున్నాం. అబద్ధపు దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35ఏ కింద పరిహారం గరిష్ఠం 3,000 రూపాయలే. ఆ పరిమితి పెంచమని రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలకు సిఫారసు చేయండి.

7. రైతు కుటుంబాలకు: తగాదా వస్తుందనిపించిన రోజే 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్, ఎఫ్‌ఎంబీ, ఆర్‌ఎస్‌ఆర్ నకళ్ళు, ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), మూల దస్తావేజు, చనిపోయినవాళ్ళ మరణ ధ్రువపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒక సంచిలో పెట్టుకోండి. ఎదుటివాళ్ళతో కలిసి ఒక్కసారి కొలిపించండి. కలవకపోతే అప్పుడు ప్లీడరు దగ్గరకు పోండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయవచ్చు. గెనిమ మీద మాట పెరిగినప్పుడు పిల్లలను అక్కడినుంచి పంపేయండి.

చిత్తూరు జిల్లాలో ఒక మండలం, తిరుపతి జిల్లాలో ఒక మండలం ఎంచుకుని, ఈసారి మామిడి పూత మొదలయ్యే డిసెంబరు లోపల ఉమ్మడి కొలత, ప్రీలిటిగేషన్ బెంచి మొదలుపెట్టండి. అలా చేయలేకపోతే ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ రెండు మండలాల్లో స్కెచ్‌లు గీయడానికి, రాజీ పత్రాలు రాయడానికి మాలో లైసెన్సు ఉన్నవాళ్ళు ఫీజు తీసుకోకుండా వస్తారు. మండలం పేరు, తేదీ చెప్పండి.

ఇట్లు,
చిత్తూరు, తిరుపతి జిల్లాల దస్తావేజు లేఖరులు, లైసెన్సు సర్వేయర్లు, విశ్రాంత రెవెన్యూ, కోర్టు ఉద్యోగులు కొందరు